అగ్గి తెగులు, తుప్పు తెగులు, మన సూట్‌కేసులు

డిసెంబరు, జనవరి సెలవులకు వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువారు చాలామంది ఇండియా వెళ్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ దాళ్వా వరికి అగ్గి తెగులు భయం. ఈ రెంటికీ ఉన్న సంబంధం గురించి మనం ఒకసారి ఆలోచించాలి.

ఎండలు ముదిరితే తెగుళ్ళూ ముదురుతాయని సాధారణంగా అనుకుంటాం. ఈ శిలీంధ్రం తీరు వేరు. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దాకా పడిపోయి, గాలిలో తేమ 90 శాతం దాటి, ఆకు మీద మంచు గంటల తరబడి నిలిస్తే బీజాలు ఆ తడిలో మొలకెత్తి ఆకులోకి చొచ్చుకుపోతాయి. నూలుకండె ఆకారంలో మచ్చలు వస్తాయి. వెన్ను దశలో సోకితే మెడవిరుపే. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే దీని జోరు తగ్గుతుంది. మనం ఇష్టంగా తినే సాంబ మసూరి (బి.పి.టి. 5204) దీనికి తేలిగ్గా లొంగిపోతుంది. నెల్లూరు మసూరి (ఎన్.ఎల్.ఆర్. 34449) తట్టుకుంటుంది.

మరి వాతావరణం వేడెక్కితే బెడద తీరినట్టేనా? ఆస్ట్రేలియా గోధుమ అనుభవం కాదనే చెబుతోంది. చల్లదనం కోరే పసుపు తుప్పు తెగులు 1979లో ఇక్కడికి వచ్చింది. ప్రయాణికుల బట్టల మీద వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. 2002లో పశ్చిమ ఆస్ట్రేలియాలో కొత్త రకం కనిపించి, మరుసటి ఏడాదికి తూర్పు రాష్ట్రాలకు పాకింది. ఈ రకం పాతదానికంటే వేడిని బాగా తట్టుకుంటుంది. అంటే వాతావరణంతో పాటు శిలీంధ్రమూ మారుతుందన్నమాట.

అగ్గి తెగులు ఈ దేశపు ఉత్తర ప్రాంతాల్లో ఉంది. 2011లో ఆర్డ్ నది ఆయకట్టులో వరి సాగును గట్టిగా దెబ్బతీసింది. మన రాష్ట్రంలోని రివరీనా వరి పొలాలకు మాత్రం ఇంకా సోకలేదు. ఆ అదృష్టాన్ని కాపాడటంలో మన వంతూ ఉంది.

సంక్రాంతికి గుమ్మానికి కట్టిన వరికంకుల కుచ్చు, నాన్నగారి పొలంలోని గుప్పెడు విత్తనాలు ముచ్చటగానే ఉంటాయి. కానీ తెగులు వాటిలోనే దాగి రావచ్చు. వాటిని అక్కడే వదిలేయండి. పొలంలో తిరిగిన బట్టలు ఉతికి, చెప్పులు కడిగి సర్దుకోండి. విమానంలో ఇచ్చే కార్డులో పొలానికి వెళ్ళిన సంగతి దాచకుండా రాయండి.