పత్తి పూల వేళలు, ఒంటరి తల్లి వేళలు

ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల హైబ్రిడ్ పత్తి విత్తన చేలలో పని గంటలను పువ్వే నిర్ణయిస్తుంది. మరునాడు విచ్చుకోబోయే ఆడ వరుస మొగ్గల్లోని కేసరాలను మధ్యాహ్నం మొదలు పొద్దుగుంకేదాకా గిల్లివేసి, మర్నాటి ఉదయం మగ వరుస పూల పుప్పొడిని ఆ పూల కీలాగ్రాలకు అద్దుతారు. ఈ రెండూ కలిసి ‘క్రాసింగ్’ అనిపించుకుంటాయి. ఒక్క పూట మానినా ఆనాటి పూత వృథా అవుతుంది కనుక, కూలీలు చేజారకుండా రైతు ముందే అడ్వాన్సు ఇస్తాడు. భర్తను కోల్పోయిన లేదా భర్త వదిలివేసిన స్త్రీకి ఆ సొమ్ము అక్కరకు వచ్చినా, తీరని అప్పుగా మిగిలితే కూతురిని సైతం బడి మాన్పించి చేలోకి దింపుతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఆడపిల్లల శ్రమకూ ఈ అడ్వాన్సులకూ ఉన్న ముడిని దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు విప్పి చూపారు.

పసిపిల్లలున్న తల్లికి వేళల చిక్కు కూడా ఉంది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీలు సాయంత్రం మూతపడే వేళకు చేలో మొగ్గల పని ఇంకా సగంలోనే ఉంటుంది. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి ఉన్న పనిచోట వారిని చూసుకునేందుకు ఒక స్త్రీని కూలి ఇచ్చి నియమించాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం నిర్దేశించింది గానీ, ప్రైవేటు విత్తన చేనికి ఆ నియమం వర్తించలేదు. అప్పుల విషయంలోనూ ఇంతే: సూక్ష్మరుణ సంస్థల వసూళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు 2010 అక్టోబరు ఆర్డినెన్సు కళ్లెం వేసింది. చేనుగట్టు మీద నోటిమాటగా చేతులు మారే అడ్వాన్సు మాత్రం ఏ పద్దులోకీ ఎక్కదు. ఈ సంచిక వ్యాసాలు ప్రధానంగా పరిశీలించేది ఆ పద్దులేని అప్పునే.