చెప్పు పువ్వు ఎందుకు చవక కాదు?

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌కు పూల మీద మోజు పాతదే. టాటా ఉక్కు కర్మాగారం స్వర్ణోత్సవ కానుకగా రూపొందిన జూబ్లీ పార్కును 1958లో నెహ్రూ ప్రారంభించారు. ఊళ్లోని హార్టికల్చరల్ సొసైటీ ఏటా పుష్ప ప్రదర్శన పెడుతుంది. అలాంటి చోట ఓ నర్సరీ యజమాని స్లిపర్ ఆర్కిడ్‌ను మధ్యతరగతికి అందే ధరలో అమ్మాలనుకుంటే? పెట్టుబడి లెక్క దగ్గరే చిక్కొస్తుంది.

ఒక రేకు చెప్పు ముందుభాగంలా ఉబ్బి ఉంటుంది కాబట్టి దీనికి ఆ పేరు. దీని బంధువైన ఫెలనాప్సిస్ చవకైంది టిష్యూకల్చర్ పుణ్యాన. మంచి మొక్క ఒకటుంటే దాని పూల కాడ కణుపుల నుంచి అచ్చం అలాంటివే వేల సంఖ్యలో తీయొచ్చు. స్లిపర్ ఆర్కిడ్ ఈ పద్ధతికి అంత సులువుగా లొంగదు. ఎదిగిన మొక్క నుంచి తీసిన కణజాలం సీసాలో తరచూ కుళ్లిపోతుంది, లేదంటే ఎదగదు.

ఇక దిక్కు విత్తనమే. ధూళిలాంటి ఆ గింజలో మొలకకు ఆహారం ఉండదు. అడవిలో ఆ లోటును శిలీంధ్రం తీరుస్తుంది. చక్కెర, లవణాలు కలిపిన జెల్లీపై శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ గింజలను మొలిపించవచ్చని 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చూపారు. కానీ మొలిచిన మొక్క పూయడానికి మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ పడుతుంది. పైగా ఒక కాయలోని పిల్లలన్నీ ఒకేలా ఉండవు. వ్యాపారి కోరేదేమో ఒకే రకం సరుకు.

అన్నాళ్లూ మొక్కను కాపాడటం మరో ఖర్చు. మన దేశంలో ఈ జాతులు ఎక్కువగా చల్లని, తేమ నిండిన ఈశాన్య కొండలవి. జంషెడ్‌పూర్ వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. నీడ, తేమ, ఫ్యాన్లు, కరెంటు బిల్లు... అన్నీ ధరలో చేరాల్సిందే.

ఈ ఖర్చులేవీ లేకుండా చవకగా ఇవ్వగలిగేది ఒక్కరే: అడవిలో పెరికి తెచ్చినవాడు. పడమటి కనుమల దక్షిణ కొసన, అగస్త్యమలై ప్రాంతానికే పరిమితమైన డ్రూరీ రకం ఇలాంటి సేకరణ వల్లే అంతరించే అంచుకు చేరింది. అడవి మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం 1990లోనే నిషేధించింది. వన్యప్రాణి రక్షణ చట్టానికి 1991లో తెచ్చిన సవరణ ఈ మొక్కల పెంపకానికీ, అమ్మకానికీ లైసెన్సు తప్పనిసరి చేసింది.

కొంత దారి లేకపోలేదు. సీసాల్లో మొలిచిన సంకర రకాలను చల్లని కొండ ప్రాంతంలో పెంచి, మొగ్గ తొడిగాకే మైదానానికి దించితే కరెంటు ఖర్చు తగ్గుతుంది. ఏళ్ల నిరీక్షణ మాత్రం తగ్గదు. అందుకే కొనేవాడు ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ మొక్క పుట్టింది సీసాలోనా, అడవిలోనా?