డయలు కాలు

గత నెల ఈ పుటలో ఊరగాయ జాడీల సంగతి వ్రాసి, వచ్చే నెల పెండ్లి భోజనాల గురించి చెప్పుదుమని మాట ఇచ్చినాము. ఆ మాటను ఒక నెల వాయిదా వేసుకొంటున్నాము. ఈ లోపల ఒక గడియారం మూలంగా మా ఇంట్లో అందరమూ సిగ్గుపడవలసి వచ్చింది. ముందు అది చెప్పుకొంటేనే గాని మాకు మనసు కుదుటపడదు.

మా నాయనగారికి ఎనుబదేండ్లు. ముప్పై ఐదేండ్లకు పైగా ఒక నూలు మిల్లులో షిఫ్టులు చేసిన మనిషి. 1936లో పి.ఏ.సి. రామసామి రాజాగారు రాజపాళయంలో మిల్లు స్థాపించిన తరువాత, మెల్లమెల్లగా ఊరి ప్రొద్దే మిల్లుల ప్రొద్దైపోయింది. సంగు ఊదితే లేవడం, సంగు ఊదితే వండడం. మా చోళపురం దాకా ఆ సంగు వినరాదు. అందుచేత ఇక్కడినుండి పనికి పోయేవారికి చేతి గడియారమే సంగు. 1976లో పెండ్లికి మా తాతగారు, అనగా అమ్మ నాయనగారు, అల్లునికి పెట్టిన హెచ్.ఎం.టి. జనతా వాచీ మా నాయనగారి ఎడమ చేతిని వదలింది రాత్రి నిద్రలో మాత్రమే. అప్పుడూ దూరం పోదు. దిండు ప్రక్కన బోర్లించి పెట్టుకొంటారు, అద్దం మీద దుమ్ము పడకూడదట. ప్రొద్దున లేవగానే కీ ఇచ్చిన తరువాతనే కాఫీ.

మిల్లు మాని ఇరవై ఏండ్లు దాటినా ఎనిమిది కొట్టనిదే ఆయన ఫలహారానికి కూర్చోరు. చక్కెర జబ్బు మాత్ర లేచిన గంటకు వేసుకొంటారు, ఎనిమిదికి ఇడ్డెన్లు తింటారు. ఇది శాసనం.

మూడు నెలల క్రిందట ఒకనాడు మా ఇంటావిడ ఆకు వేసి పిలిచితే, "ఇంకా ఆరున్నరే గదమ్మా" అని అరుగు మీదనే కూర్చున్నారు. అప్పటికి తొమ్మిది. గోడ గడియారం చూపితే, అది ముందు పోతున్నదన్నారు. సెల్ ఫోను చూపితే, దానిని తాము ఎన్నడూ నమ్మలేదన్నారు. చేయి ఎత్తి వాచీ చూపినారు. అది టిక్కు టిక్కుమని చక్కగా నడుస్తూనే ఉన్నది. "మీరే రాత్రి ముల్లు తిప్పి మరచి ఉంటారు" అని మేము అన్నాము. ఆయన ఒప్పుకోలేదు. కాని వాదించనూ లేదు. ముల్లు సరిచేసుకొని వచ్చి తిన్నారు.

వారం గడిచీ గడవక ముందే మరల అదే. పగలంతా సరిగా ఉండే మనిషి, ప్రొద్దుటిపూట మాత్రం రెండు మూడు గంటలు వెనుక ఉంటారు. పిల్లలు నవ్వడం మొదలుపెట్టినారు. "తాతా, ఇప్పుడు మీ ఊళ్లో ఎన్ని గంటలు?" అని అడిగేవారు. మేము కసరినాముగాని, మా ముఖంలో నవ్వు వారు చూచినారనే అనుమానం. ఒకనాడు మాత్ర వేసుకొని, వాచీలో ఎనిమిది కావాలని కాచుకొని కాచుకొని, చెమటలు పట్టి అరుగు మీదనే ఒరిగిపోయినారు. చక్కెర నీళ్లు పోసి కూర్చోబెట్టినాము. ఆ మధ్యాహ్నమే మధురలో ఒక నరముల డాక్టరుకు ఫోను చేసి, జ్ఞాపకశక్తి పరీక్షకని ముందు డబ్బు కట్టి టోకెను వేయించినాము. నాయనగారితో మాత్రం కంటి పరీక్షకన్నాము.

పెద్ద అంకెల బ్యాటరీ వాచీ ఒకటి కొని, పాతది పెట్టెలో పెట్టేద్దామని, మేము దానిని జేబులో వేసుకొని రాజపాళయం బజారుకు బస్సెక్కినాము. మెట్ల క్రింద మూడడుగుల బల్ల వేసుకొని కూర్చునే ఒక వాచీ రిపేరు పెద్దాయన ఉన్నారు. కొత్త వాచీ చూపుమంటే, పాతదానికి ఏమైందని ఆయన అడిగినారు. ఏమీ లేదు, మనిషికే మరపు వచ్చిందన్నాము. ఆయన వాచీ అందుకొని కంటికి అద్దం తగిలించుకొన్నారు. పెద్ద ముల్లు సరిగ్గా పన్నెండు మీద ఉన్నది. చిన్న ముల్లు నాలుగుకు ఐదుకు నట్టనడుమ ఉన్నది.

"అయ్యా, ఇట్లా ఒక గంట లోకంలో ఉన్నదా?" అన్నారు.

మేము తెల్లబోయినాము. పెద్ద ముల్లు పన్నెండు మీద ఉంటే చిన్న ముల్లు ఏదో ఒక అంకె మీదనే ఉండాలి. కీ పట్టుకొని ముల్లు తిప్పే మనిషి ఎంత మరపు మనిషైనా ఈ తప్పు చేయలేడు. రెండు ముండ్లూ ఒకే లెక్కలో కలిసి తిరుగుతాయి గదా. మూడు నెలలుగా ఆ వాచీ మా కంటి ముందరే ఆడింది. ఇంటిల్లిపాదిలో ఒక్కరమూ ఆ ముండ్లను చూడలేదు, నాయనగారి ముఖమే చూచినాము. రెండవ ప్రశ్న ఇంకా వింతగా ఉన్నది: "రాత్రి బోర్లించి పెడతారా?"

ఆయన వెనుక మూత తీసి, మిషను బయటికి తెచ్చి, ముండ్లు లాగి, డయలును గోటితో తాకితే అది ఒక ప్రక్క లేచి ఆడింది. "కాల్ ఒడెంజిరుక్కు" అన్నారు. అప్పుడే మా ఇంటావిడ ఫోను చేసింది. మేము తొందరలో "కాలు విరిగిందట" అన్నాము. అరవమైనా తెలుగైనా కాలు కాలే గనుక అవతల ఒకటే కేక. అది డయలు కాలని నమ్మించడానికి కొంతసేపు పట్టింది.

డయలుకు కాళ్లు ఉంటాయని మాకూ అంతవరకు తెలియదు. గోడ గడియారంలో అంకెల పలకను చెక్కపెట్టెకో లోపలి చట్రానికో బిగిస్తారు, అది కంటికి కనబడుతుంది. చేతి గడియారంలో ఆ చోటు లేదు. డయలు వెనుక వైపు గుండుసూదంత లావున రెండు చిన్న రాగి కడ్డీలు అతికి ఉంటాయి. అవి మిషనుకు పునాది అయిన ఇత్తడి పలకలోని రెండు రంధ్రాలలో దిగుతాయి. చాలా వాచీలలో ఈ రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉండవట, డయలు ఒక్క విధంగానే కూర్చోవాలని. దిగిన కాలును పట్టుకొనేది ఒక్కొక్క స్క్రూ. కొన్నింటిలో అది పలక అంచునుండి అడ్డంగా వచ్చి కాలును నొక్కుతుంది. కొన్నింటిలో అర్ధచంద్రాకారపు తల ఉన్న స్క్రూ తిరిగి కాలును కొరికి పట్టుతుంది. బ్యాటరీ వాచీలు పలువాటిలో ప్లాస్టిక్కు పట్టే ఆ పని చేస్తుంది. వెనుకటి జేబు గడియారాలలో డయలు రాగి రేకు మీద కాల్చిన పింగాణీ. దాని రాగి కాళ్లు పలకను దాటి అవతలకు వస్తే, వాటికి అడ్డంగా సన్నని శీల దూర్చి నిలిపేవారు. బండి ఇరుసుకు చీల వేసినట్లే.

అయితే డయలు అందానికే గదా, కొంచెం ఆడితే గంటకేమి నష్టం? మేము అదే అడిగినాము. పెద్దాయన పట్టుకారుతో ఒక చిన్న పండ్ల చక్రం ఎత్తి చూపినారు. చిన్న ముల్లు కూర్చునేది దాని మెడ మీదనే. ఆ చక్రానికి స్క్రూ లేదు, మూత లేదు. నడిమి గొట్టం మీద ఊరకే తొడిగి ఉంటుంది. ప్రక్క చక్రపు పండ్లలోనుండి అది పైకి లేచిపోకుండా ఆపేది పైనున్న డయలే. కొన్నింటిలో నడుమ పలుచని ఇత్తడి ఉంగరం ఒకటి వేస్తారు, అది మెత్తగా అదిమి ఉంచడానికి. డయలు వెంట్రుకవాసి లేచినదో, బోర్లించినప్పుడు ఆ చక్రం డయలు వైపుకు జారి, ప్రక్క చక్రపు పండ్లనుండి తప్పుకొంటుంది. పెద్ద ముల్లు తన దారిన పోతూనే ఉంటుంది, చిన్న ముల్లు నిలిచిపోతుంది. తెల్లవారి వెల్లకిల తిప్పి చేతికి కట్టగానే చక్రం మరల పండ్లలో పడి, ఎక్కడ ఆగిందో అక్కడినుండి బుద్ధిగా నడుస్తుంది. పగలంతా సరిగా ఉండి ప్రొద్దున మాత్రమే వెనుకబడింది వాచీ. మా నాయనగారు కాదు.

కాలు ఎందుకు విరిగింది? మూడేండ్ల క్రిందట అద్దం మార్పించడానికి దానిని ఒక అంగడిలో ఇచ్చినది మేమే, పది రూపాయలు తక్కువ చెప్పినారని. అక్కడ ఎవరో డయలు తీయబోయి, ప్రక్క స్క్రూ వదులు చేయకుండానే క్రిందనుండి ఎత్తినారు. పట్టు మీదనున్న రాగి కాలు పుటుక్కుమన్నది. ఆ మాట మాకు చెప్పక, ఒక బొట్టు జిగురు వేసి అదిమినారు. జిగురు ఎండి పొరలు లేచింది. స్క్రూ అరచుట్టు వదిలించే పని అది.

ఇక బాగు చేయడం. మూడు దారులున్నవన్నారు. కొత్త రాగి కాలు టంకం వేసి అతకవచ్చు. కాని వేడి తగిలితే ముందు వైపు పూత నల్లబడుతుంది, అచ్చు వేసిన అక్షరాలు పోతాయి. పైదేశాలలో ఆ ఒక్క చోటే క్షణం సేపు వేడెక్కించే చిన్న యంత్రాలున్నవి. రెండవది రెండు ప్రక్కలా అంటే పలుచని బిళ్ల. చాలామంది చేసేది అదే. కాని దాని మందమెంతో అంత డయలు పైకి వస్తుంది. ముల్లుకు డయలుకు ఉండవలసిన సందు చెడుతుంది. పైగా ఎండకు జారితే నడిమి రంధ్రపు అంచు ముల్లు గొట్టాన్ని రాచుకొంటుంది. మూడవది కొత్త డయలే వేయడం.

ఈ మూడవది చౌక. హెచ్.ఎం.టి. వారు 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో వాచీలు చేయ మొదలుపెట్టినారు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ వాచీల కంపెనీ మూసివేతకు ఒప్పుకొన్నది. మూతబడిన పిమ్మట పాత జనతాలకు గిరాకీ పెరిగి, రంగు రంగుల కొత్త డయళ్లు అచ్చు వేసి అమ్మేవారు బయలుదేరినారు. మన హైదరాబాదులో ఆల్విన్ వారు సీకో సహకారంతో చేసిన వాచీలకు ఆ మాత్రం గిరాకీ కూడ లేదేమో. కొత్త డయలు వేస్తే వాచీ మెరుస్తుంది. కాని తాతగారు కొనియిచ్చిన ముఖం అది కాదు. ఏడుకు ఎనిమిదికి నడుమ చెమట దిగి గోధుమరంగు తిరిగిన మచ్చ ఒకటి ఉన్నది. పెద్దాయన దానిని చూచి, "ఇది మార్చవద్దు" అని తామే అన్నారు.

ఆయన చేసింది నాలుగవ దారి. రాగి తీగె చివరను మేకు తలవలె చదును చేసి, డయలు వెనుక పాత జిగురు, విరిగిన మొదలు గీకి తీసి, రంధ్రానికి సరిగా గురుతు పెట్టి, రెండు ట్యూబులు కలిపే గట్టి జిగురుతో ఆ తలను అతికినారు. వేడి లేదు. ఒక రాత్రి, ఒక పగలు కదల్చకుండా ఉంచినారు. మరునాడు మేము ఆఫీసు వదిలి పోయేసరికి డయలు తన రెండు కాళ్ల మీద కూర్చొని ఉన్నది, స్క్రూలు బిగిసి ఉన్నవి. మరీ బిగించినా స్క్రూ కొన కాలును కోస్తుందట. జిగురుతో పలకకే అంటించితే ఎక్కువకాలం ఉండదా అని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. "నా తరువాత దీనిని విప్పేవాడు ఏమి కావాలి?" అన్నారు. అడిగిన కూలి ఆ అతుకు పనికి చాలా తక్కువ. మేము కలిపి ఇచ్చింది ఆయన వద్దనలేదు.

ఇంటికి వచ్చి నాయనగారి ముందు వాచీ పెట్టి, జరిగినది మొదటినుండి చెప్పినాము. కంటి పరీక్ష అన్నది అబద్ధమని కూడ చెప్పినాము. ఆయన విని, వాచీ చెవి దగ్గర పెట్టుకొని, కీ ఇచ్చి, చేతికి కట్టుకొన్నారు. పిల్లలు వచ్చి ప్రక్కన నిలబడితే వారికి ముండ్లు చూపి, ఏ గంటకు చిన్న ముల్లు ఎక్కడ ఉండాలో అప్పగించమన్నారు. పెద్దవాడు రెండుసార్లు తప్పినాడు.

మమ్మల్ని ఒక్క మాట అనలేదు. రాత్రి భోజనమైన తరువాత మాత్రం, మధుర డాక్టరుకు కట్టిన టోకెను డబ్బు తిరిగి ఇస్తారా అని అడిగినారు. ఇవ్వరన్నాము.

"అయితే ఊరకే పోనివ్వడమెందుకు? నీవు పోయి చూపించుకొని రా" అన్నారు.