కార్యదర్శికి పరీక్ష, కౌలురైతుకు మౌనం

అఖిల భారత సర్వీసుల అధికారుల పనితీరు మదింపు నిబంధనలు 2007లో వచ్చాయి. వాటి ప్రకారం 40 ఏళ్లు దాటిన ఐఏఎస్, ఐపీఎస్, అటవీ సర్వీసు అధికారులు ఏటా వైద్య పరీక్షలు చేయించుకోవాలి. ఆ పరీక్షల పత్రంలో చక్కెర, కొవ్వు, మూత్రపిండాలు, గుండె వంటి పద్దుల నడుమ పురుషులకు ప్రత్యేకించిన పద్దు ఒకటుంది: పీఎస్ఏ. ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ఒక ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష అది. ఖర్చు ఖజానాది.

ఇదే ప్రభుత్వం 2016లో సామాన్య పౌరుల కోసం మరో జాబితా రాసింది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అధిక రక్తపోటు, మధుమేహం, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ఊరి స్థాయిలోనే జరగాలన్నది దాని సారాంశం. అందులో ప్రోస్టేట్ ఊసు లేదు. 2010లో మొదలైన జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం 2023లో పేరు మార్చుకుంది, కొన్ని కొత్త జబ్బులను కలుపుకుంది. పరీక్షించవలసిన క్యాన్సర్లు మాత్రం ఆ మూడే.

ఒకే రాజ్యం ఒకే పరీక్ష గురించి రెండు మాటలు చెబుతోంది. పీఎస్ఏ ప్రాణం కాపాడేదే అయితే, దాన్ని సచివాలయం గడపలోపలే ఆపడానికి ఏ నీతి ఒప్పుకుంటుంది? అది మేలుకన్నా కీడు ఎక్కువ చేసేదైతే, అధికారుల మీద ఏటేటా ప్రజల సొమ్ముతో ఎందుకు ప్రయోగిస్తున్నారు? ఈ రెండు ప్రశ్నల్లో కనీసం ఒకదానికి ఢిల్లీలోని నిర్మాణ్ భవన్ లిఖితపూర్వకంగా జవాబు చెప్పి ఉండవలసింది.

జవాబు తేలిక కాదన్నది నిజం. ప్రోస్టేట్ క్యాన్సర్ చిత్రమైన జబ్బు. కొందరిలో ఎముకల్లోకి పాకి రెండు మూడేళ్లలో ప్రాణం తీస్తుంది. మరెందరిలోనో ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. ఆ మనిషి వేరే కారణంతో వెళ్లిపోతాడు, తనకు క్యాన్సర్ ఉందని తెలియకుండానే. పీఎస్ఏ ఈ రెండింటినీ వేరుచేసి చెప్పలేదు. వయసుతోపాటు గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ సోకినా ఆ అంకె పెరుగుతుంది. పెరిగిన అంకె వెంట బయాప్సీ, దాని వెంట శస్త్రచికిత్సో రేడియేషనో, వాటి వెంట మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం. అందుకే అమెరికా నిపుణుల కార్యదళం 2012లో ఈ పరీక్ష వద్దే వద్దంది. 2018లో మెత్తబడి, 55 నుంచి 69 ఏళ్ల మధ్య పురుషులు వైద్యుడితో చర్చించి తామే నిర్ణయించుకోవాలంది. 70 దాటితే అనవసరమంది. ఐరోపాలో సాగిన ఒక పెద్ద అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వెలువడ్డాయి. పరీక్షకు పిలిచిన బృందంలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. అంటే 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. బ్రిటన్ అధ్యయనంలో ఒక్కసారి పీఎస్ఏకు పిలిచి 15 ఏళ్లు గమనిస్తే మరణాల తేడా వెయ్యికి ఒకటి కన్నా తక్కువ. ప్రయోజనం ఉంది, చిన్నది, దానికి చెల్లించే మూల్యమూ ఉంది.

ఇన్ని లెక్కల్లో ఏ ఒక్కటీ భారతదేశంలో తేల్చినది కాదు. అసలు అవమానం ఇక్కడుంది. మిగిలిన మూడు క్యాన్సర్ల విషయంలో ఈ దేశం సొంత నేల మీద పరిశోధన చేసి ప్రపంచానికి పాఠం చెప్పింది. నోటిలోకి టార్చి వేసి చూసినా పొగాకు అలవాటున్నవారిలో మరణాలు తగ్గుతాయని తిరువనంతపురంలో రుజువైంది. హెచ్‌పీవీ పరీక్ష గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలను తగ్గిస్తుందని మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో తేలి, 2009లో ప్రచురితమైంది. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు వేలాది స్త్రీలను రెండు దశాబ్దాలు అనుసరించారు. జాతీయ జాబితాలో ఆ మూడూ ఉండడం న్యాయమే. ప్రోస్టేట్ లేకపోవడానికి కారణం ‘పరిశీలించి వద్దనుకున్నాం’ అన్నదైతే గౌరవించవచ్చు. పరిశీలించిన దాఖలా ఎక్కడ?

రాష్ట్రాల సంగతికి వస్తే ఈ మౌనం మరింత వింతగా వినిపిస్తుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలోని ఆరో అంశం. దాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చాలని పదిహేనో ఆర్థిక సంఘం అధ్యక్షుడు ఎన్.కె. సింగ్ వాదించినప్పుడు ప్రాంతీయ పక్షాలు రాష్ట్రాల హక్కుల పేరిట అభ్యంతరం చెప్పాయి. సరైన అభ్యంతరమే. కానీ నిలబెట్టుకున్న ఆ హక్కుతో చేసిందేమిటి?

క్యాన్సర్ దేశమంతా ఒకే రూపంలో లేదు. గంగా మైదానంలో పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువ. ఈశాన్యంలో అన్నవాహిక క్యాన్సర్. పొగాకు నమిలేచోట నోరు. ప్రోస్టేట్ వయసుతో వచ్చే జబ్బు గనుక ముసలివారు ఎక్కువున్నచోట, నగరాల్లో పైకి వస్తుంది. ఢిల్లీ, కోల్‌కతా, పుణె, తిరువనంతపురం రిజిస్ట్రీల్లో పురుషుల క్యాన్సర్ల వరుసలో ఇది రెండో స్థానం దాకా వచ్చిందని దశాబ్దం కిందటే వైద్య పత్రికలు రాశాయి. 2011 జనగణన నాటికే కేరళలో 60 దాటినవారు 12.6 శాతం, బీహార్‌లో 7.4 శాతం. ఈ రెండు రాష్ట్రాలకూ ఒకే క్యాన్సర్ జాబితా ఎలా సరిపోతుంది? బీహార్ ప్రోస్టేట్‌ను పక్కనపెట్టి పిత్తాశయం మీద దృష్టి పెడితే అది వివేకం. కేరళ కూడా పక్కనపెడితే అది నకలు.

తమిళనాడు 2021లో ఇంటి ముంగిటికే వైద్యం తెచ్చే పథకం ప్రారంభించి దేశానికి దారి చూపింది. దాని వెన్నెముక చక్కెర, రక్తపోటు. కేరళ 2025 ఫిబ్రవరిలో క్యాన్సర్ వ్యతిరేక ప్రచారోద్యమం తలపెట్టి, తొలి దశను స్త్రీల క్యాన్సర్లకు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ 2024 చివర ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టింది. అవీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారమే. ఈ ప్రయత్నాలను తక్కువ చేయనక్కరలేదు. స్త్రీల ఆరోగ్యాన్ని తరతరాలు పట్టించుకోని వ్యవస్థ ఇప్పుడు కళ్లు తెరిచిందంటే సంతోషమే. అయితే రాష్ట్రాల స్వయంప్రతిపత్తి గురించి అంత గట్టిగా మాట్లాడే నేతల ఆరోగ్య శాఖలు, జబ్బుల జాబితా దగ్గరికి వచ్చేసరికి ఢిల్లీ పత్రాన్ని తర్జుమా చేసి సరిపెట్టుకోవడం చూస్తే, ఆ స్వయంప్రతిపత్తి ఎంతవరకు పథకం పేరుకూ ఫ్లెక్సీ మీది బొమ్మకూ పరిమితమన్న సందేహం రాక మానదు.

డబ్బు ఎటు పారుతోందో చూస్తే విధానం ఏమిటో తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఆరోగ్యశ్రీతో పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆ పరిమితిని 25 లక్షల రూపాయలకు, అదే నెలలో తెలంగాణ 10 లక్షలకు పెంచాయి. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా పరిమితి కుటుంబానికి ఏటా 5 లక్షలు. ఎన్నికల సభల్లో ఈ అంకెలు ఒకదానిపై ఒకటి పోటీపడతాయి. కానీ ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక పనిచేసే పథకాలు. కేంద్ర పథకంలో చేరికకు ముందు మూడు రోజులు, డిశ్చార్జి తరువాత పదిహేను రోజుల పరీక్షలకు చోటుంది. బయటి రోగిగా వచ్చి ‘రాత్రికి అయిదారుసార్లు లేవవలసివస్తోంది’ అని చెప్పే మనిషికి చోటు లేదు. అతడి ఎముకల్లోకి జబ్బు పాకేదాకా ఆగి, అప్పుడు లక్షలు చెల్లించడానికి మాత్రం రాజ్యం సిద్ధం. కొన్ని వందల రూపాయల పరీక్ష దగ్గర లేని ఉదారత లక్షల ప్యాకేజీ దగ్గర పొంగిపొర్లుతుంది.

ఆలస్యంగా వచ్చిన పేద రోగికి తరచూ మిగిలే దారి వృషణాల తొలగింపు. ఖరీదైన హార్మోన్ సూదులకు బదులు ఒకేసారి తేలిపోయే చవక చికిత్స అది, వైద్యశాస్త్రం ఆమోదించినదే. అయితే డబ్బున్నవాడికి అది ఎంపిక, లేనివాడికి గత్యంతరం. ఆ నిర్ణయం మీద సంతకమో వేలిముద్రో పెట్టే మనిషికి ఒక దశాబ్దం ముందు మరో ప్రశ్న వేసి ఉండవలసిందని ఏ పథకం వెబ్‌సైటూ చెప్పదు.

మరో కొసన అతివృష్టి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ల్యాబులు ‘ఫుల్ బాడీ చెకప్’ల్లో పీఎస్ఏను కలిపి అమ్ముతున్నాయి. ముందు చర్చ లేదు, తరువాత సలహా లేదు. అంకె పక్కన ఎర్ర గుర్తు పడిన కాగితం వాట్సాప్‌లో వస్తుంది. 75 ఏళ్ల పెద్దాయన, ఏ బాధా లేని మనిషి, ఆ ఎర్ర గుర్తుతో బయాప్సీ బల్ల ఎక్కుతాడు. అక్కరలేనివాడికి పరీక్ష, అక్కరున్నవాడికి నిశ్శబ్దం. ఈ దేశంలో ప్రోస్టేట్ విధానం ఏదైనా ఉందంటే అది బజారు రాసిన విధానం.

గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2020లో భారతదేశంలో సుమారు 34,500 కొత్త కేసులు, 16,800 వరకు మరణాలు. కొత్తగా గుర్తించిన ఇద్దరికి ఒక మరణం. అమెరికాలో 2024 అంచనా దాదాపు 2,99,000 కేసులు, 35,000 మరణాలు. అంటే ఎనిమిది, తొమ్మిది మందికి ఒకటి. ఈ తేడాను చూపి ‘పరీక్షలు చేస్తే ప్రాణాలు దక్కుతాయి’ అని ప్రకటనలిచ్చేవారు సగం నిజమే చెబుతున్నారు. హాని చేయని క్యాన్సర్లను కూడా వెదికి లెక్కలో కలిపితే నిష్పత్తి దానంతటదే అందంగా కనిపిస్తుంది. కానీ మిగిలిన సగం నిజాన్నీ దాచలేం: భారతదేశంలో ఈ జబ్బు చాలామందిలో ముదిరాకే బయటపడుతోంది. పైగా ఈ అంకెలు అంచనాలు. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 1982 నుంచి పనిచేస్తున్నా, అది దేశ జనాభాలో చిన్న భాగాన్నే కప్పుతుంది. క్యాన్సర్‌ను తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా కొన్ని రాష్ట్రాలు ప్రకటించాయి. దేశమంతటికీ ఆ నిబంధన లేదు.

ప్రాంతాలు వేరువేరు నిర్ణయాలు తీసుకోవడం తప్పు కాదని స్వీడన్ చూపింది. అక్కడి జాతీయ ఆరోగ్య మండలి 2018లో దేశవ్యాప్త పీఎస్ఏ కార్యక్రమాన్ని సిఫారసు చేయలేదు. అయినా 2020లో స్కోనే, వెస్ట్రా యోటలాండ్ ప్రాంతాలు తమ పరిధిలోని పురుషులకు ఉత్తరాలు పంపాయి. లాభమేమిటో, నష్టమేమిటో చెప్పి, నిర్ణయం వారికే వదిలాయి. ఒప్పుకున్నవారికి పీఎస్ఏ; అంకె ఎక్కువైతే నేరుగా సూది కాదు, ముందు ఎంఆర్ఐ. ప్రతి ఫలితమూ నమోదవుతుంది గనుక మిగిలిన ప్రాంతాలు చూసి నేర్చుకోవచ్చు. సమాఖ్య వ్యవస్థ అంటే అది.

ఉపఖండంలో అలాంటి ప్రయోగం కానరాదు. పాకిస్తాన్ 2010 నాటి పద్దెనిమిదో సవరణతో ఆరోగ్యాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. శ్రీలంకలో ఊరూరా ఆరోగ్య జీవనశైలి కేంద్రాలున్నాయి. యంత్రాంగం ఉన్నచోట కూడా వృద్ధ పురుషుడి మూత్ర సమస్య ‘వయసు మీద పడింది’ అనే మాటతోనే ముగుస్తోంది.

‘క్షయ ఉంది, రక్తహీనత ఉంది, ప్రోస్టేట్ ఇప్పుడెందుకు?’ అనేవారున్నారు. 50 దాటిన పురుషులందరికీ పీఎస్ఏ చేయాలని ఎవరైనా కోరితే ఆ ఆక్షేపణ నిలబడుతుంది. బయాప్సీ చేసే వైద్యుడు, ఎంఆర్ఐ యంత్రం జిల్లాలో లేకుండా లక్షలమందికి ఎర్ర గుర్తులు పంచడం క్రూరత్వమే. కానీ మూత్రంలో ఇబ్బందితో వచ్చినవాడికి, తండ్రో అన్నో ఇదే జబ్బుతో పోయినవాడికి పరీక్షనూ సలహానూ ప్రభుత్వ ఆసుపత్రిలో అందించడం సామూహిక స్క్రీనింగ్ కాదు, మామూలు వైద్యం. ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి రక్తనమూనాను జిల్లా ల్యాబుకు చేర్చే వ్యవస్థను తెలంగాణ 2018 నుంచే నడుపుతోంది. జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు మూడేళ్లలో పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ హామీ ఇచ్చింది. ఆశా కార్యకర్త ముందు నోరు విప్పని మగవాడి కోసం ఆ ప్రశ్న అడిగే మగ ఆరోగ్య కార్యకర్త ప్రతి ఉపకేంద్రంలో ఉండాలి. ఆ ఖాళీలను భర్తీ చేయడం రాష్ట్రాల చేతిలోని పని.

2020లో ప్రపంచవ్యాప్తంగా 14 లక్షలున్న ప్రోస్టేట్ క్యాన్సర్ కేసులు 2040 నాటికి 29 లక్షలవుతాయని, భారం ఎక్కువగా పేద, మధ్యాదాయ దేశాల మీద పడుతుందని లాన్సెట్ కమిషన్ 2024లో హెచ్చరించింది. దక్షిణాది రాష్ట్రాలు ఉత్తరాది కన్నా ముందే ముసలివవుతున్నాయి. నియోజకవర్గాల పునర్విభజన గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడి ముఖ్యమంత్రులే ఈ మాట అంటారు. అదే జనాభా లెక్కను తమ ఆరోగ్య శాఖ ముందు కూడా పెట్టి, ఏ వయసువారికి, ఏ లక్షణానికి, ఏ స్థాయి ఆసుపత్రిలో ఈ పరీక్ష ఇస్తారో, ఎవరికి ఇవ్వరో, ఎందుకు ఇవ్వరో ఒక ఉత్తర్వుగా శాసనసభ బల్ల మీద ఉంచాలి. ఇవ్వకూడదన్నదే నిర్ణయమైతే, ఆ కారణాన్ని అధికారుల వార్షిక పత్రానికీ వర్తింపజేయమని ఢిల్లీకి లేఖ రాయవచ్చు.