ఆడుతున్నదే మర

ఇంగ్లండు పల్లెల్లోని పాత నీటిమరల ఛాయాచిత్రాలు చూచి మురిసిపోయేవారిలో రెండు తెగలున్నాయి. వాటిని బొమ్మల కొలువులోవలె కదలకుండా నిలిపి ఉంచితే చాలుననేది మొదటి తెగ. చెక్క చక్రం తీసి ఇనుప యంత్రం పెట్టగానే ప్రాచీనత పోయిందని పెదవి విరిచేది రెండవది. ఈ రెండు వాదాలూ నాకు సమ్మతం కావు.

డోర్సెట్ ప్రాంతంలో స్టౌర్ నది ఒడ్డున స్టర్‌మిన్‌స్టర్ న్యూటన్ అనే ఊరి మర ఉంది. అక్కడ వెయ్యేళ్ళుగా మర ఉన్నదని ప్రతీతి. 1904లో దాని చక్రాలను తొలగించి, నీటితోనే తిరిగే టర్బైను అమర్చారు. ఇది అపచారమా? నది అదే, నీటి బలమూ అదే. ఆ బలాన్ని రాతికి అందించే సాధనం మాత్రమే మారింది. ఆ టర్బైనుతోనే 1970 వరకు మర వ్యాపారానికి పిండి పట్టింది. తరువాత ప్రదర్శనశాల అయింది. అయినా రాళ్ళను నిద్రపుచ్చలేదు. ఏటా ఒక టన్ను గోధుమలు విసురుతూనే వచ్చారు.

2020 వసంతంలో కరోనా నిర్బంధం వచ్చింది. ఇంటింటా రొట్టెలు కాల్చడం మొదలైంది, అంగళ్ళలో పిండి కరవైంది. గోధుమలు లేకకాదు! ఆ దేశపు పిండిలో అంగళ్ళలో చిన్న పొట్లాలుగా అమ్ముడయ్యేది నూటికి సుమారు 4 పాళ్ళే. తక్కినది బస్తాలతోనో ట్యాంకర్లతోనో కర్మాగారాలకు పోతుంది. పెద్ద మిల్లుల వద్ద పిండి ఉన్నా, అంతటి గిరాకీకి చాలినన్ని పొట్లాలు కట్టే యంత్రాలు లేవు. అప్పుడు ఈ ముసలి మర మళ్ళీ అమ్మకానికి పిండి పట్టింది. ఏడాది పొడుగునా విసిరే టన్ను గోధుమలు రెండు మూడు వారాలలో అయిపోయాయి.

ఒక టన్నుతో దేశం ఆకలి తీరుతుందా అని ఆక్షేపించవచ్చు. తీరదు. నా ప్రశ్న వేరు: ఆ మర అడిగిన వెంటనే ఎలా తిరగగలిగింది? తూము తలుపు ఎంత ఎత్తాలో, రాళ్ళ నడుమ ఎంత ఎడం ఉంచాలో, పిండి తీరును వేళ్ళతో నలిపి ఎలా కనిపెట్టాలో తెలిసిన చేతులు అక్కడ ఉన్నాయి గనుక. ఆ విద్యను ఫలకం మీద వ్రాసి గోడకు తగిలిస్తే వచ్చేది కాదు. బడిలో నేను చూచినదీ ఇదే: పుస్తకంలోని పద్యం పిల్లవాడిది కాదు, నోటికి వచ్చినదే వాడిది.

కనుక సంరక్షణ అంటే తాళం వేయడం కాదు. అరిగిన భాగం మార్చండి, రాళ్ళకు గంట్లు పెట్టండి, కానీ ఆడించండి. ఆడని మరకు రంగులు వేయడం శవాలంకారమే. కాదనేవారు తమ యుక్తి చెప్పండి. వినడానికి సిద్ధంగా ఉన్నాను.