జమా ఖర్చులు: సముద్రం కనిపించే గది

ఈ శీర్షికలో ఎప్పుడూ డిపాజిట్లు, వడ్డీలు, నామినేషన్ల గురించే రాస్తున్నారనీ, వేసవి సంచికకైనా కాస్త చల్లని విషయం రాయమనీ సంపాదకవర్గం వారు కోరారు. అందుకని ఈసారి సముద్రపు ఒడ్డుకు వెళదాం. లెక్కలు మాత్రం వెంట వస్తాయి, తప్పదు.

మన వర్తూరు చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ మధ్య ఒక మార్పు గమనిస్తున్నాను. పదిహేనేళ్ళ క్రితం ఏప్రిల్ వచ్చిందంటే "ఊరెళుతున్నాం" అనేవారు. ఇప్పుడు "రిసార్టు బుక్ చేశాం" అంటున్నారు. ఇందులో తప్పేమీ లేదు. చాలామందికి ఊళ్ళో ఇల్లు లేదు. అమ్మేశారో, పంచుకున్నారో, తాళం వేశారో! ఉన్న ఇంట్లోనూ పాతికమంది పడుకునే వసారాలు లేవు. అమెరికా నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఒకరు, వర్తూరు నుంచి ఒకరు వచ్చి నాలుగు రోజులు కలిసి ఉండాలంటే ఎవరికీ భారం కాని చోటు కావాలి. పిల్లలకు సముద్రం కావాలి. మనకున్నది చెరువు. దాని నురగ గురించి దేశమంతా పత్రికల్లో చదివింది కనుక నేను కొత్తగా చెప్పక్కరలేదు.

మద్రాసు సముద్రం మనకు దగ్గర. అయినా మనవాళ్ళు విశాఖపట్నం వైపే చూస్తారు. పిల్లల చెవిన నాలుగు రోజులు తెలుగు పడుతుందని ఆశ. 2025 మే నెలలో మేమూ అదే ఆశతో, మూడు తరాల వాళ్ళం కలిసి, విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో కొత్తగా తెరిచిన ఒక రిసార్టులో మూడు రాత్రులు ఉన్నాం. పేరు చెప్పను. మంచీ చెడూ రెండూ రాయాలి కదా!

సముద్రం కనిపించే గదిలో ఉండడం ఆ దారిలో కొత్త సంగతి కాదు. విశాఖకు పదిహేను కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ ఉంది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపితే రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధారామం బయటపడింది. భిక్షువులు ఉండే చిన్న చిన్న గదులు, స్తూపాలు, రాతిలో తొలిచిన నీటితొట్లు, వాటితో పాటు వంటశాల, భోజనశాల కూడా ఉన్నాయి. ఆ తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. గది, నీరు, కలిసి తినే చోటు, ఎదురుగా సముద్రం. వసతికి కావలసినవి అప్పటికే అమర్చి పెట్టారు. మేము ఉన్న రిసార్టు బ్రోచరులో తొట్లకొండ ప్రస్తావన లేదు. బాలీ, మాల్దీవుల ప్రస్తావన ఉంది.

ఆధునిక హోటళ్ళ విషయానికి వస్తే, విశాఖ బీచ్ రోడ్డులో పార్క్ హోటల్ 1968లో వచ్చింది. అప్పట్లో మనబోటి వాళ్ళు దాని గేటు బయటి నుంచి చూసి ముందుకు నడిచేవారు. మన బస బంధువుల ఇంట్లో, లేదా సత్రంలో. సముద్రస్నానమంటే మాఘపౌర్ణమికో, కార్తీకంలోనో చేసే పుణ్యకార్యం; తడిబట్టలతో తిరిగి వచ్చేయడమే. ఋషికొండ తీరానికి 2020లో, మన దేశంలోని మరి ఏడు తీరాలతో పాటు, బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రత, నీటి నాణ్యత, భద్రత చూసి డెన్మార్కులోని సంస్థ ఇచ్చే గుర్తింపు అది. 2025 మొదట్లో నిర్వహణ లోపాల వల్ల తాత్కాలికంగా పోయి, మళ్ళీ వచ్చింది. కనుక గుర్తింపు తెచ్చుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకొక ఎత్తు.

ఇక మా బస. గది నిజంగా బాగుంది. మంచం మీద పడుకునే సముద్రం చూడవచ్చు. తెల్లవారకముందే తూర్పు ఎర్రబడి, నీళ్ళలోంచి సూర్యుడు వస్తుంటే మా అమ్మ మంచం మీదనే లేచి కూర్చుని దణ్ణం పెట్టుకుంది. ఆమెకు ఎనభై దాటాయి. మోకాళ్ళ వల్ల ఇసుకలో నడవలేదు. ఆ గది అద్దె ఆ ఒక్క ఉదయానికే చెల్లిపోయిందని నా లెక్క. కొత్త హోటలు కనుక కొన్ని లోపాలున్నాయి. రంగు వాసన పూర్తిగా పోలేదు. ఈతకొలను ఒకటి తెరిచారు, రెండోదానికి తాడు కట్టి ఉంది. పనివాళ్ళకు ఏ స్విచ్చి ఏ దీపానిదో ఇంకా తెలియదు. ఇవన్నీ క్షమించదగ్గవే.

హోటలు వ్యాపారం సంగతి వాణిజ్యశాస్త్రం చదివినవాడిగా ఒక్క ముక్క చెబుతాను. బట్టల కొట్టులో ఈ రోజు అమ్ముడుపోని చీర రేపు అమ్ముకోవచ్చు. హోటల్లో ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు అమ్ముకోలేరు. అప్పు మీద వడ్డీ, జీతాలు, కరెంటు మాత్రం ఖాళీ గదికీ పడుతూనే ఉంటాయి. అందుకే శనివారం రాత్రి చెప్పే ధర వేరు, మంగళవారం చెప్పే ధర వేరు. సెలవులు మన చేతిలో ఉంటే సోమవారం నుంచి గురువారం వరకు పెట్టుకోండి. ఫోను చేసి అడగడానికి మొహమాటపడకండి.

రెండో లెక్క పన్నుది. ఇప్పుడున్న జీఎస్టీ ప్రకారం రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం. 2025 సెప్టెంబరు 22కు ముందు ఇది 12 శాతం. ఆ గీత దాటితే 18 శాతం. గది 7,400 అనుకోండి: పన్ను 370, మొత్తం 7,770. అదే గది 7,600 అనుకోండి: పన్ను 1,368, మొత్తం 8,968. అద్దెలో 200 తేడా బిల్లులో 1,198 అయి కూర్చుంటుంది. బుక్ చేసేముందు ఈ గీతకు అటున్నామో ఇటున్నామో చూసుకోవాలి.

భోజనానికీ ఇలాంటి తేడాయే. మామూలు హోటల్లో భోజనం మీద పన్ను 5 శాతం. గది 7,500 మించి ఇచ్చే పెద్ద హోటలు లోపలి రెస్టారెంటులో 18 శాతం. ఆరుగురు తలకు 1,500 చొప్పున బఫే తింటే 9,000. దాని మీద పన్నే 1,620. ఇక "సర్వీస్ చార్జి" అని ఇంకొక పద్దు కనిపిస్తే అది ప్రభుత్వ పన్ను కాదని గుర్తుంచుకోండి. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా తీసేయమని అడగండి. తీయకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. సేవ నచ్చితే ఆ కుర్రవాడి చేతిలోనే ఏదో ఒకటి పెట్టండి.

గది బుక్ చేసేటప్పుడు కనిపించే పొడి అక్షరాలు చాలామందిని తికమక పెడతాయి. ఇ.పి. అంటే గది మాత్రమే. సి.పి. అంటే గదితో పాటు పొద్దుటి ఫలహారం. ఎం.ఎ.పి. అంటే ఫలహారం, ఒక పూట భోజనం. ఎ.పి. అంటే మూడు పూటలూ. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి సి.పి. చాలునని నా అనుభవం. పొద్దున్న బఫేలో కడుపునిండా తిన్నాక మధ్యాహ్నం ఎవరికీ ఆకలి ఉండదు. డబ్బు మాత్రం కట్టేసి ఉంటాం.

చేపలు తినేవారికి ఒక మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం. మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే. ఇంజను లేని తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చే కొద్దిపాటి చేపలు తప్ప, మెనూలో "ఈనాటి తాజా చేప" అని ఉంటే, ఎక్కడిదని అడగడంలో తప్పులేదు. ఐసులో పెట్టినదో, పశ్చిమగోదావరి చెరువులదో అయి ఉండవచ్చు. రుచికి లోటుండకపోవచ్చు గానీ సముద్రపు ధర ఇవ్వనక్కరలేదు.

భోజనశాలలో మాకు ఎదురైన చిక్కు ధరది కాదు. బల్ల దగ్గరకు వచ్చిన కుర్రవాళ్ళంతా మాతో ఇంగ్లీషులో, లేదా హిందీలో మాట్లాడారు. మా పిల్లలు ఇంగ్లీషులోనే జవాబిచ్చారు. తెలుగు వినిపించాలని దాదాపు వెయ్యి కిలోమీటర్లు తీసుకొచ్చిన పిల్లలు వైట్‌ఫీల్డులో ఉన్నట్టే ఉన్నారు. రెండో రోజు మా అమ్మ ఒక కుర్రవాణ్ణి "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది. అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "టెక్కలి దగ్గరండి, మామ్మగారూ" అన్నాడు. అంతే, ఆ తరువాత మూడు పూటలూ మా బల్ల దగ్గర సిక్కోలు యాసే. పెద్దావిడ మెత్తటి అన్నం, పెరుగు అడిగితే బఫేలో లేకపోయినా లోపలికి వెళ్ళి తెచ్చాడు. అతిథులతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని వాళ్ళకు శిక్షణలో చెప్పారట. వచ్చేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే అయినా అదే నియమమట.

అసలు సంగతి మూడో రోజు జరిగింది. మా పిన్ని భీమిలిలో ఉంటుంది. అక్క వచ్చిందని తెలిసి, రిసార్టు నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఆ మనిషి, ఇంటికి రాలేదేమని నిష్ఠూరమాడకుండా, తనే క్యారియర్ కట్టుకుని వచ్చింది. పనసపొట్టు కూర, దప్పళం, కొత్తావకాయ. గేటు దగ్గర ఆపారు. బయటి ఆహారం లోపలికి రానివ్వరు. గుర్తింపు కార్డు చూపించి లాబీలో కూర్చోవచ్చు, గదిలోకి వెళ్ళకూడదు. భోజనశాలలోకి వస్తే తలకు ఇంత. డెబ్బై అయిదేళ్ళావిడ ఎండలో క్యారియర్‌తో నిలబడి, "పోనీలే నాన్నా, చూసి వెళ్ళిపోతాను" అంది. మేనేజరుతో మాట్లాడాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కానీ నియమం నియమమే అన్నారు.

అప్పుడు మా అబ్బాయి ఒక మాట అన్నాడు: "బీచ్ వాళ్ళది కాదు కదా నాన్నా!"

నిజంగానే కాదు. 1991 ఫిబ్రవరి 19న కేంద్రప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ ప్రకటన జారీచేసింది. రిసార్టు కంచె ప్రజలు సముద్రానికి వెళ్ళే దారికి అడ్డు కాకూడదని, రెండు రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల దారి వదలాలని అందులోనే ఉంది. గ్రామీణ తీరాల్లో పోటుగీత నుంచి 200 మీటర్ల వరకు కట్టడాలు కూడదన్నారు. 2019 ప్రకటనలో జనసాంద్రత ఎక్కువున్న పల్లె తీరాలకు దీన్ని 50 మీటర్లకు తగ్గించారు. నదులు, సముద్రతీరం వంటివి ప్రజల ఉమ్మడి ఆస్తి అనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కూడా హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున కట్టిన ఒక మోటెల్ విషయంలోనే.

పక్కనున్న దారమ్మట, జాలర్లు వలలు ఆరబెట్టుకునే వైపు, చెట్లనీడకు వెళ్ళాం. మా అమ్మను కారు చివరిదాకా తీసుకెళ్ళి కుర్చీ వేశాం. వేట లేని రోజులు కనుక పడవలు ఒడ్డున వరసగా ఉన్నాయి. ఒకాయన వల బాగుచేస్తూ మాకు తాగడానికి నీళ్ళు ఇచ్చాడు. క్యారియర్ విప్పాం. మా పిల్లలు, పిన్ని మనవలు ఆవకాయ అన్నం ముద్దలు చేతుల్లో పెట్టించుకుని తిన్నారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు ఆకులూ కాగితాలూ సంచిలో వేసుకుని వచ్చాం.

సముద్రంలో దిగేవారికి ఒక హెచ్చరిక. మన తూర్పు తీరంలో అల వెనక్కి లాగే ఒరవడి చాలా చోట్ల ప్రమాదకరం. విశాఖ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. లోపలికి లాగేస్తే ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ ఒరవడి నుంచి బయటపడతాం. ఈత రానివారు మోకాళ్ళ లోతు దాటవద్దు. కాపలావాళ్ళు లేనిచోట అసలు దిగవద్దు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ తీరాన్ని ఎంత ధ్వంసం చేసిందో అందరికీ తెలుసు. దసరా సెలవుల్లో వెళ్ళేవారు వాతావరణ సూచన చూసుకుని బయలుదేరండి.

ఇక నా సలహా. డబ్బుంటే రిసార్టుకు వెళ్ళండి. పెద్దవాళ్ళకు మంచం మీంచి సముద్రం చూపించడం విలువైన ఖర్చే. అయితే నాలుగు రోజుల సెలవులో మూడు రోజులకే గది తీసుకోండి. మిగిలిన రోజు ఆ ఊళ్ళో ఉన్న పిన్ని ఇంటికో, మేనత్త ఇంటికో కేటాయించండి, ముందుగా ఫోను చేసి చెప్పండి. బుక్ చేసేటప్పుడే "చూడడానికి బంధువులు వస్తే ఏమిటి మీ నియమం?" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పదిమంది ఇలా అడిగితే నియమాలూ మారతాయి. హోటళ్ళవారికి ఖాళీ గది ఎంత భారమో పైన చెప్పాను కదా. పిల్లల చేత సర్వరును తెలుగులో పలకరింపజేయండి. దీనికి ఏ పన్నూ లేదు.

వచ్చే సంచికలో పెద్దవాళ్ళ డిపాజిట్ల నామినేషన్ గురించి రాస్తాను. మీ సందేహాలుంటే సంఘం కార్యాలయానికి తెలుపగలరు.