పరాయి నంబరు బండి

హైవే మీద వేరే రాష్ట్రం నంబరు బండి కనిపిస్తే చాలు, పోలీసులు చెయ్యి అడ్డం పెడతారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా లారీ డ్రైవరు కిందికి దిగడు. లైసెన్సు కింద మడత పెట్టిన నోటు పెట్టి కిటికీలోంచి అందిస్తాడు. దిగితే గంట పడుతుంది, అందిస్తే నిమిషంలో కదలొచ్చు. వెనక కార్లో కూర్చున్న మనం చూసీ చూడనట్టు ఉండిపోతాం. మన వంతు వచ్చేసరికి ‘చలానా ఎందుకు సార్, ఎంతో కొంత చూసుకోండి’ అని బేరం మనమే మొదలుపెడతాం.

అదే మనం పిల్లల్ని ఎంబీబీఎస్‌కి జార్జియా పంపేటప్పుడు, అక్కడ పోలీసులు ఎలాంటివాళ్లో వాకబు చేస్తాం. 2004కు ముందు అడిగి ఉంటే గుండె జారిపోయే జవాబు వచ్చేది. అప్పట్లో అక్కడ ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం కొనుక్కోవాలి. జీతం నామమాత్రం. పెట్టిన డబ్బూ, పైవాళ్లకు పంపే వాటా దారిన పోయేవాళ్ల దగ్గరే రాబట్టుకోవాలి. 2004లో అక్కడి ప్రభుత్వం ఆ విభాగాన్నే రద్దు చేసి, దాదాపు 16,000 మందిని ఇంటికి పంపేసింది. కొత్తవాళ్లను తీసుకుని జీతాలు పెంచింది. జరిమానా పోలీసు చేతికి కాకుండా బ్యాంకులో కట్టేలా చేసింది. అన్నీ చక్కబడ్డాయని అనను, 2024లో టిబిలిసి వీధుల్లో నిరసనకారులను కొట్టిందీ పోలీసులే. కానీ రోడ్డు మీద మామూళ్ల వసూలు మాత్రం చాలావరకు పోయింది.

మన బిడ్డకు అక్కడ కావాలనుకునే ఆ నిశ్చింత, మన రోడ్డెక్కిన ఒడిశా డ్రైవరుకీ బీహారు కూలీకీ అక్కర్లేదా? మనం విసుగ్గా ఇచ్చి పారేసే రెండొందలే రేటుగా ఖాయమై, భాష రాని మనిషి నెత్తిన పడుతుంది. మనకైతే ఫోన్ చేసి చెప్పించడానికి ఎవరో ఒకరుంటారు. అతనికి ఎవరున్నారు? పగలు తనను దోచుకున్నవాళ్ల దగ్గరికి, రాత్రి సరుకు పోతే ఏ ధైర్యంతో వెళ్లి ఫిర్యాదు చేస్తాడు? మనం చేతులారా కట్టబెడుతున్న అభద్రత ఇది.

మన అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే, ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా అధికారులకు చెప్పినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. ఏసీబీ నంబరు 1064 ఫోన్లో వేసుకోండి. తప్పు చేస్తే చలానా రాయించుకుని కట్టండి. చెయ్యనప్పుడు రూపాయి ఇవ్వకండి. ముందున్న లారీని ఊరికే ఆపేశారనిపిస్తే కారు దిగి వెళ్లి, ఆ డ్రైవరు పక్కన నిలబడి, ఎందుకు ఆపారని మర్యాదగానే అడగండి.